దమ్మున్న మనిషి

ఫిట్‌నెస్ అన్న మాట నా ముందు ఎత్తితే మా ఇంట్లోవాళ్ళు మెల్లగా లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతారు. ఆ మాటకు నాకు బీపీ ఎక్కుతుందని వాళ్ళకు తెలుసు. మొన్న పొద్దుటి నడకలో మా వీధి కుర్రాళ్ళిద్దరు నన్ను ఆపి, "సార్, మీరు ఉద్యోగమంతా డ్రిల్లు మాస్టరుగానే చేశారు కదా, ఏ ఆట ఆడేవాడు అందరికన్నా ఫిట్‌గా ఉంటాడో మీరే చెప్పాలి" అన్నారు. ఒకడు ఫుట్‌బాల్ అంటాడు, ఇంకొకడు ఈత అంటాడు. నేను జవాబు చెప్పకుండా విసవిసా నడిచి ఇంటికి వచ్చేశాను. పాపం, ఏదో తప్పు మాట్లాడామనుకుని ఉంటారు. వాళ్ళ కోసం, వాళ్ళ వయసు వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇన్నేళ్ళయినా కోపం తగ్గలేదు కాబట్టి మాట కాస్త గరుకుగానే ఉంటుంది.

డెబ్బైల చివర నేను ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బదిలీ మీద వచ్చాను. హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయుణ్ణి. తోటి మాస్టర్ల దృష్టిలో డ్రిల్లు మాస్టరంటే విజిలు ఊదేవాడు, జెండా పండుగకు కొయ్యకు తాడు కట్టేవాడు, లెక్కల మాస్టరు సెలవు పెడితే ఆ పీరియడులో పిల్లలు అరవకుండా కాపలా కూర్చునేవాడు. ఆ చిన్నచూపు నాకు అలవాటే. దాని గురించి ఇప్పుడు గింజుకోను.

బడి మైదానం పక్కన ఒక క్లబ్బు ఉండేది. సాయంత్రమైతే బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళు, ఆడకుండా కుర్చీల్లో కూర్చుని వాళ్ళకు సలహాలిచ్చేవాళ్ళు చేరేవారు. ఆ ఏడు కోస్తా నుంచి కొత్తగా ఆటల అధికారి ఒకాయన వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఇస్త్రీ మడత నలగని తెల్ల ప్యాంటు, మెడలో స్టాప్‌వాచీ, నోటినిండా మాటలు. కాలేజీ రోజుల్లో పరుగు పందేల్లో గెలిచినవాడు. ఆయన లెక్కలో దేహదారుఢ్యం అంటే పరుగు, మిగిలిన ఆటలన్నీ కాలక్షేపం.

ఒక సాయంత్రం వాదన మొదలైంది. చెమట తుడుచుకుంటూ వచ్చిన ప్లీడరు బాల్ బ్యాడ్మింటన్‌ను మించింది లేదన్నాడు. తాలీంఖానాలో పిల్లలకు కుస్తీ నేర్పే ఉస్తాద్ గడ్డం నిమురుకుంటూ నవ్వాడు.

"మీ పరుగు ఏం పనికొస్తాది సార్? పులి ఎంటబడితే పనికొస్తాది. నా పిల్లోడు పరిగెత్తడు. పులినే కిందేసి పైన కూర్సుంటాడు."

నేను చెడుగుడు వైపు మాట్లాడాను. ఊపిరి, కాలు, చెయ్యి, బుర్ర నాలుగూ ఒక్కసారే పనిచేయాల్సిన ఆట అది అన్నాను. అధికారి స్టాప్‌వాచీ ఊపుతూ, "నోటితో తేలదండీ. అందరినీ ఒకే పరీక్షకు నిలబెడదాం. ఆదోని నుంచి ఆలూరు రోడ్డు మీద పరిగెత్తించి చూద్దాం. ఎవరు ఫిట్టో అదే తేలిపోతుంది" అన్నాడు.

"పరుగు పెట్టి చూస్తే పరుగువాడే గెలుస్తాడు సార్. కుస్తీ పెట్టి చూస్తే పహిల్వాను గెలుస్తాడు. కొలత మీది, గెలుపు మీది. ఇంక మేమెందుకు?" అన్నాను.

అందరూ నవ్వారు. నా మాట బాగుందని నవ్వారు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. అక్కడే కూర్చున్న జిన్నింగు మిల్లు యజమానికి పోటీ ఆలోచన తెగ నచ్చింది. షామియానా, భోజనాలు, బహుమతి తనవే అన్నాడు. ఆయన మిల్లుకు ఒక చెడుగుడు జట్టుంది. ఆ జట్టుకు సాయంత్రాలు ఆట నేర్పేది నేనే. మర్నాటికి మిల్లు మేస్త్రి ఊరంతా ఒక కబురు చల్లాడు. మన జట్టు గెలిస్తే ఏడుగురినీ సావుకారు పర్మనెంట్ చేస్తాడట.

పర్మనెంట్ అంటే ఏమిటో మీకు చెప్పాలి. పత్తి వచ్చినన్నాళ్ళే పని, పత్తి అయిపోతే ఇంటికి పో, మళ్ళీ సీజనుకు మేస్త్రి పిలిస్తే రా. ఆ బతుకు నుంచి బయటపడటం పర్మనెంట్ అంటే. ఆ మాట విన్న రోజు మా జట్టులో పిల్లలు ఆట మానేసి మైదానంలో కూర్చుని పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకున్నారు.

ఆ ఏడుగురిలో ఒకడు నా పాత శిష్యుడు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటి పిల్లవాడు. తండ్రి పోయాక మగ్గం తిండి పెట్టక, తల్లిని తీసుకుని ఆదోనికి వచ్చి జిన్నింగు హాల్లో కూలికి చేరాడు. జట్టులో వాణ్ణి పట్టుగాడు అని పిలిచేవాళ్ళు. వాడు మూలన నిలబడితే, కూతపెడుతూ వచ్చినవాడు తిరిగి గీత దాటడం కల్ల. వంగుతాడు, చీలమండ దొరకబుచ్చుకుంటాడు, అంతే. ఎంత బలిసినవాడైనా మట్టి కరవాల్సిందే. అలాంటి పట్టు నేను నా సర్వీసులో మరొకటి చూడలేదు.

కాని వాడు కూతకు ఏనాడూ పోలేదు. జట్టులో ఎవరూ పొమ్మని అనలేదు కూడా. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకపోవడం వాళ్ళ మర్యాద. వాడికి దమ్ముంది.

ఈ మాట దగ్గర ఆగండి. మీకు తెలిసిన దమ్ము వేరు. 'దమ్ముంటే రా' అని గోడల మీద రాసే దమ్ము అది. ఆ అర్థం మాకూ ఉంది. దానితోపాటు మా వైపు దమ్మంటే ఆయాసం, ఉబ్బసం. మీరు జిన్నింగు హాలు చూసి ఉండరు. గింజను, దూదిని వేరు చేసే యంత్రాలు తిరుగుతుంటే గాలి తెల్లగా అయిపోతుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం సరిగా కనిపించదు. రెండు మూడు సీజన్లు ఆ గాలి పీల్చినవాళ్ళలో చాలామందికి ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. "వానికి దమ్ముండాది" అని జనం గొంతు తగ్గించి అంటారు. మేస్త్రి చెవిన పడితే మరుసటి సీజనుకు పిలుపు రాదు కాబట్టి గొంతు తగ్గిస్తారు.

ఆ సంగతి నాకు తెలుసు. అందుకే పోటీ నియమాలు రాసేటప్పుడు పట్టుబట్టాను. ఒక్కో ఆట నుంచి ఒక్కడే పరిగెత్తాలి, జట్టు తరఫున వాడే లెక్క అన్నాను. అధికారి సరేనన్నాడు. మాకు కూతకు పోయే కుర్రాడొకడున్నాడు. కాళ్ళు జింకవి. వాడు చాలు అనుకుని నేను నిశ్చింతగా ఉన్నాను.

ఉగాది దాటిన ఎండలు. తెల్లవారుతూనే మొదలుపెట్టాలని అనుకున్నాం. ముఖ్య అతిథి రావాలి కదా! ఆయన కర్నూలులో ఎప్పుడు లేచాడో, ఎప్పుడు ఫలహారం చేశాడో దేవుడికే తెలియాలి. పిల్లలు నెత్తి మాడుతుంటే వరసల్లో నిలబడే ఉన్నారు. షామియానా కింద పెద్దలు నిమ్మకాయ షరబత్తు తాగారు. నన్ను మాత్రం ముందే ఆలూరు రోడ్డులో మలుపు దగ్గర దింపి, చేతికి ఎర్రజెండా ఇచ్చి, జీపు వెనక్కి పోయింది. పరిగెత్తి వచ్చినవాళ్ళు నన్ను చుట్టి తిరిగి వెళ్ళాలి. నీడ కోసం ఒక తుమ్మచెట్టైనా లేదు.

నేను అక్కడున్నప్పుడు మైదానంలో ఏం జరిగిందో తర్వాత మా హిందీ పండితుడు చెప్పాడు. ఆయన ఆరోజు పిల్లల చొక్కాలకు నంబర్లు కుట్టే పని మీద ఉన్నాడు. అతిథి కారు దిగగానే అధికారికి ఉత్సాహం పొంగింది. మైకు అందుకుని, "ఒక్కడు పరిగెత్తితే ఆట గొప్పతనం తెలియదు. టీమంతా పరిగెత్తాలి. ఆఖరివాడు ఎప్పుడు చేరితే అదే ఆ టీము లెక్క" అన్నాడు. పెద్దలు చప్పట్లు కొట్టారు. ఉస్తాద్ మాత్రం లేచి, "నా పిల్లోల్లు జట్కా గుర్రాలు కాదు సార్" అని తన పహిల్వాన్లను తీసుకుని చాయ్ తాగడానికి పోయాడు. ఆ పెద్దమనిషికి ఎవరి జీతమూ లేదు, పోగలిగాడు.

మా ఏడుగురు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పట్టుగాడి తల్లి ఆట చూడటానికి వచ్చి తాడు పక్కన నిలబడి ఉంది. ఆమె గబగబా అధికారి దగ్గరకు వచ్చింది. మేస్త్రి పక్కనే ఉన్నాడు. పిల్లవాడికి రోగముందని చెప్తే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే పిల్లవాడు పోతాడు. ఆ తల్లి ఏం చేసిందో చూడండి. మేస్త్రి పొగడ్త అనుకోవాలి, అధికారి హెచ్చరిక అనుకోవాలి, అలాంటి మాట వెతుక్కుంది.

"మా పిల్లోనికి దమ్ము శానా వుండాది సారూ. మీరే రవంత సూసుకోవాల."

అధికారి పొంగిపోయాడు. ఆమె భుజం తట్టినంత పనిచేసి, మైకులోనే అరిచాడు.

"విన్నారా! తల్లంటే ఇలా ఉండాలండీ! కొడుక్కి దమ్ము చాలా ఉందట! బాబూ, నువ్వు ముందు వరసలోకి రా!"

జనం ఈలలు వేశారు. అర్థమైనవాళ్ళు ఆ గుంపులో లేరా? సగం ఆదోని ఉంది అక్కడ. తల వంచుకున్నారు తప్ప ఒక్కడూ నోరు విప్పలేదు. మా పండితుడికీ అర్థమైందట. "నేను చెప్పేలోగానే విజిలు ఊదేశాడయ్యా" అన్నాడు నాతో. ఊదితే ఏమయ్యా, అడ్డం పడుకోలేకపోయావా అని ఆ రోజు ఆయన మీద అరిచాను. చాలాకాలం మాట్లాడలేదు కూడా.

మలుపు దగ్గర నాకు మొదట పరుగుపందెం కుర్రాళ్ళు కనిపించారు. తర్వాత ఫుట్‌బాల్ వాళ్ళు, వాలీబాల్ వాళ్ళు. మావాడొక్కడు రావాలి కదా అని చూస్తున్నాను. చాలాసేపటికి దూరంగా ఒక గుంపు. పరిగెత్తడం లేదు, నడుస్తున్నారు. ఏడుగురూ ఉన్నారు. మధ్యలో పట్టుగాడు. ఇద్దరు వాడి చంకల కింద చేతులు వేశారు. వాణ్ణి వదిలేసి ఎవరూ ముందుకు పోలేదు. దగ్గరికొచ్చేసరికి వాడి ఛాతీలో కూత నాకు వినిపించింది. పెదవులు నేరేడు రంగులో ఉన్నాయి.

నేను జెండా పారేసి వాణ్ణి కూర్చోబెట్టబోయాను. వాడు నా చెయ్యి విదిలించుకున్నాడు.

"ఆపొద్దు సార్. నేను నిల్సిపోతే అందరిదీ పోతాది." ఆ నాలుగు మాటలకే రెండుసార్లు ఆగాడు.

మిగిలిన ఆరుగురూ నా వైపు చూశారు. కూతకు పోయే కుర్రాడికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "యింగ సగమే కదా సార్. మేం మోసకపోతాం. మీరు సూడనట్ల వుండండి" అన్నాడు.

వాడిది దుర్మార్గం కాదు. వాడికీ ఇంట్లో చెల్లెళ్ళున్నారు. "వీడు సచ్చిపోతాండాడ్రా!" అని అరిచాను. నా నోట ఆ భాష వచ్చిందంటే నాకెంత భయం వేసిందో అర్థం చేసుకోండి. ఆలూరు వైపు నుంచి వేరుసెనగ బస్తాలతో లారీ వస్తుంటే రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు తిట్టబోయి, పిల్లవాణ్ణి చూసి, మారుమాట లేకుండా దిగి తనే ఎత్తుకున్నాడు. వాణ్ణి వాలకుండా నిటారుగా పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. దారిలో చప్పట్లు వినిపించాయి. మైదానంలో బహుమతులిస్తున్నారు.

పెద్దాసుపత్రిలో ఇంజక్షనిచ్చి, ఆక్సిజను పెట్టి బతికించారు. తల్లి వచ్చి మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. "నేను సెప్పినాను సార్. ఆయప్పకు అర్థం కాలేదు" అని మాత్రం అంది.

అక్కణ్ణుంచి నేరుగా ట్రావెలర్స్ బంగళాకు వెళ్ళాను. అధికారి మజ్జిగన్నంలో ఉన్నాడు. ఎదుట ఉస్తాద్ కూడా ఉన్నాడు, భోజనానికి పిలిచారు కాబోలు. అధికారి నన్ను చూడగానే, "రండి రండి. చూశారా, అథ్లెటిక్సే కదా గెలిచింది?" అన్నాడు.

"పరిగెత్తే పందెంలో పరిగెత్తేటోల్లు గెల్సినారు. ఏం ఇన్సాఫ్ సార్, ఏం న్యాయం మీది!" అన్నాడు ఉస్తాద్.

నేను జరిగింది చెప్పాను. చెప్పానని పేరు, అరిచాను. ఆయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నిజంగానే బాధపడ్డాడు. అది దాచను.

"తల్లే చెప్పింది కదండీ, దమ్ము చాలా ఉందని! దమ్మంటే మా వైపు ఊపిరండీ."

"మా వైపు ఊపిరాడకపోవడం సార్."

ఆయన ముద్ద కంచంలో వదిలేశాడు. తర్వాత ఆయన అన్న మాటకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "మరి అలాంటి అన్‌ఫిట్ మనిషిని మీరు టీములో ఎలా పెట్టుకున్నారండీ?"

అన్‌ఫిట్! జిల్లాలో ఏ మొనగాడు కూతకు వచ్చినా కాలు పట్టి నేలకేసే మనిషి అన్‌ఫిట్. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పత్తి బోరాలు మోసే మనిషి అన్‌ఫిట్. వాడి ఊపిరి దేనికి కావాలో దానికి వాడి దగ్గర ఉంది. మన వేడుకకు లేదు, అంతే. ఈ మాటలన్నీ ఆయనతో అన్నాను. ఉస్తాద్ నన్ను భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. లేకపోతే ఆ పూట నా ఉద్యోగం కూడా పోయేది.

మూడోనాడు మేస్త్రి కబురు పంపాడు. పట్టుగాడు ఇంక పనిలోకి రానక్కర్లేదు. ఊరందరి ముందు మైకులో బయటపడిన దమ్ము కదా, దాచడానికి ఏముంది? నేను మిల్లుకు వెళ్ళాను. యజమాని మర్యాద తెలిసినవాడు. ఆఫీసు గదిలో కుర్చీ వేయించి టీ తెప్పించాడు.

"పిల్లోడు మంచోడే సార్. నేను కాదన్నానా? ఫిట్ లేడు. రేపు యంత్రం కాడ పడిపోతే ఎవరికి సెడ్డపేరు?"

"మీ హాల్లో పనిచేసే కదా వాడికి ఆ జబ్బు వచ్చింది? అక్కడికే పోయి మాట్లాడుకుందాం, రండి" అన్నాను.

ఆయన కదల్లేదు. "ఆడ దుమ్ము సార్. ఈడే కూర్సుందాం" అన్నాడు.

ఎగతాళికి అనలేదు. నిజంగా నా మీద మర్యాదతోనే అన్నాడు. తను ఏమన్నాడో ఆయనకు తెలియదు. అది తెలియకపోవడమే నాకు పిచ్చెక్కించింది. టీ ముట్టకుండా లేచాను. గుమ్మం దాకా వచ్చి ఆయన నన్ను ఊరడించాడు. "ఆ ఇంటికి నేను అన్యాయం సెయ్యను సార్. ఏదో ఒక దారి సూపిస్తా" అన్నాడు. సిగ్గు లేకుండా కాస్త ఆశపడ్డాను. కాపలా పనో, తూకం దగ్గర పనో ఇస్తాడనుకున్నాను.

పట్టుగాడు ఆ తర్వాత ఎమ్మిగనూరు వెళ్ళి మేనమామ మగ్గం గుంటలో కూర్చున్నాడు. అక్కడి గాలికి కొంత కుదుటపడ్డాడని విన్నాను. పర్మనెంట్ ఎవరికీ రాలేదు. మిగిలిన ఆరుగురిలో ఇద్దరు నాతో చాన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను. ఆ అధికారి ఏడాది తిరక్కుండా వేరే జిల్లాకు పోయాడు. పరుగు కుర్రాళ్ళకు ఇచ్చిన కప్పు క్లబ్బు అల్మరాలో ఉండేది. దానికేసి చూడకుండా ఆడటం నేర్చుకున్నాను.

ఆ పోటీ జరిగిన వారంలోనే, ఒక పొద్దున సైకిలు మీద బడికి పోతూ మిల్లు గేటు ముందు ఆగాను. ఆడకూలీలు బారుగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో పట్టుగాడి తల్లి ఉంది.

"ఏమ్మా, నువ్వేంది ఈడ?"

"సావుకారు పిల్సి పనిచ్చినాడు సార్. పిల్లోని జాగాలోనే." ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు మరీ కష్టంగా తోచింది.

"ఆ హాల్లోనేనా? తెలిసి తెలిసి ఆ దుమ్ములోకి పోతాండావా?"

"బాడుగ కట్టాల కదా సార్. వాని మందులుండాయి." ఆమె గేటు వైపు చూసింది. "నిన్న మేస్త్రి నన్ను ఈ గేటు కాడ్నించి ఆ గోడౌను దాంకా బిరబిరా నడిపిచ్చి సూసినాడు. ఆయాసం రాలేదు. ఈయమ్మ ఫిట్టే అన్నాడు."

సైరను మోగింది. బారు కదిలింది. ఆమె కొంగు తీసి ముక్కుకు అడ్డంగా బిగించి కట్టుకుంది. గుడ్డలోంచే చెప్పింది.

"దమ్ముండాదని వాన్ని తీసేసినారు. దమ్ము లేదని నన్ను పెట్టుకున్నారు. నాకు యింగా రాలేదు కదా సార్."